ఇన్నోవా వెనక చక్రం స్టడ్ ఇంటి దగ్గరే మార్చడం: నా అనుభవం

ఇన్నోవా వెనక చక్రానికి ఐదు స్టడ్లు, అంటే చక్రం నట్లు ఎక్కే మర కడ్డీలు, ఉంటాయి. ఒకదాని మర పోతే మిగతా నాలుగూ మోస్తాయిలే అని చాలామంది బండిని అలాగే తిప్పుతుంటారు. నేను దీన్ని ఒప్పుకోను. స్టడ్లు చక్రాన్ని కొక్కేనికి తగిలించినట్టు మొయ్యవు. నట్ బిగించినప్పుడు స్టడ్ కొద్దిగా సాగి చక్రాన్ని హబ్‌కి (చక్రం వెనక ఉండి దాన్ని తిప్పే నడిమి భాగం) గట్టిగా అదుముతుంది. ఆ అదుములో పుట్టే రాపిడే బండి బరువును మోస్తుంది. ఒకచోట అదుము పోతే అక్కడ చక్రం కంటికి కనబడనంతగా కదులుతుంది. ఆ కదలికకు పక్కనున్న స్టడ్లు ప్రతి తిరుగుడుకీ కొంచెం వంగి లేస్తుంటాయి. కొన్నాళ్లకు తెగేది మొదట పాడైన స్టడ్ కాదు, దాని పక్కది. అందుకే ఒక స్టడ్ పూర్తిగా తెగిపోయి ఉంటే నేను దానికి రెండు వైపులా ఉన్నవాటినీ మారుస్తాను. రెండు తెగితే ఐదూ మార్చేస్తాను. మర మాత్రమే పోయి, బండి ఎక్కువ దూరం తిరగకపోతే ఆ ఒక్కటి మారిస్తే చాలు.

ఇక్కడ చెప్పేది 2005లో వచ్చిన మొదటి ఇన్నోవా, 2016లో వచ్చిన క్రిస్టాల వెనక చక్రం గురించి. రెండింటికీ వెనక డ్రమ్ బ్రేకులే (చక్రంతో పాటు తిరిగే డ్రమ్ అనే ఇనుప డబ్బా లోపలి గోడకు షూలు అనే పట్టీలు ఒత్తుకుని ఆపేవి), ఇంజిన్ లాగేదీ వెనక చక్రాలనే. ఆ తర్వాత వచ్చిన ఇన్నోవా హైక్రాస్ ముందు చక్రాలు లాగే బండి కాబట్టి ఈ పద్ధతి దానికి నేరుగా కుదరదు.

మర ఎందుకు పోతుందో ముందు తెలుసుకోవాలి, లేకపోతే కొత్త స్టడ్‌కూ అదే గతి పడుతుంది. మొదటి కారణం ఎయిర్ గన్. పంక్చర్ షాపులో నట్‌ను చేత్తో నాలుగు చుట్లు ఎక్కించకుండా గన్ సాకెట్‌లోనే పెట్టి నేరుగా కొడతారు. నట్ వంకరగా పట్టుకున్నా గన్‌కు తెలియదు, మరలను కోసుకుంటూ లోపలికి తోసేస్తుంది. రెండో కారణం వేరే బండి నట్. ఇన్నోవా స్టడ్ ఎం12×1.5, అంటే లావు 12 మిల్లీమీటర్లు, మరకూ మరకూ మధ్య దూరం 1.5 మిల్లీమీటర్లు. స్విఫ్ట్, వ్యాగనార్, ఎర్టిగా లాంటి మారుతి బండ్లకు ఎం12×1.25. లావు ఒకటే కాబట్టి మారుతి నట్ ఇన్నోవా స్టడ్ మీద ఒకటి రెండు చుట్లు చక్కగానే ఎక్కుతుంది. ఆ తర్వాత బిగుసుకుంటుంది. చేత్తో తిప్పేవాడు అక్కడే ఆగిపోతాడు, గన్ మాత్రం ఆగదు. గ్లాంజా పేరుకు టొయోటా అయినా లోపల బలేనోనే, దాని నట్ కూడా 1.25. ఇంట్లో గ్లాంజా, ఇన్నోవా రెండూ ఉన్నవాళ్లు విడి నట్లను ఒకే డబ్బాలో వెయ్యకండి. హోండా నట్‌ది ఇంకో రకం తిరకాసు. దాని మర ఎం12×1.5 కాబట్టి హాయిగా ఎక్కేస్తుంది, కానీ కూర్చునే భాగం గుండ్రంగా ఉంటుంది. ఇన్నోవా ఇనుప చక్రంలో నట్ కూర్చునే గుంట గరాటులా కోసుగా ఉంటుంది. బిగిసినట్టే అనిపించినా సన్నని అంచు మీదే ఆనుతుంది, తర్వాత వదులవుతుంది.

మూడో కారణం పానా మీద ఎక్కి తొక్కడం. ఇన్నోవా నట్‌కు కంపెనీ చెప్పే బిగింపు 103 న్యూటన్ మీటర్లు. దానితో ఒక్కో స్టడ్ సుమారు 4.3 టన్నుల బలంతో చక్రాన్ని అదుముతుంది. వీల్ స్టడ్లను సాధారణంగా 10.9 తరగతి ఉక్కుతో చేస్తారు. ఈ సైజులో అది శాశ్వతంగా సాగిపోకుండా తట్టుకునేది ఏడు టన్నుల పైచిలుకు. 70 కిలోల మనిషి 40 సెంటీమీటర్ల పానా చివర ఎక్కి నిలబడితే దాదాపు 275 న్యూటన్ మీటర్లు పడుతుంది. లెక్క ప్రకారం స్టడ్ మీద పది టన్నులు దాటుతుంది. అది ఆ రోజే తెగకపోవచ్చు గానీ సాగిపోతుంది. సాగిన స్టడ్ మరలు నట్ మరలతో కలవవు, మళ్లీ విప్పేటప్పుడు కోసుకుపోతాయి.

మర చివరి చుట్టు ఒక్కటే నలిగి ఉంటే స్టడ్ మార్చనక్కర్లేదు. ఎం12×1.5 డై (మరలను సరిచేసే పనిముట్టు) పెట్టి, రెండు చుక్కల నూనె వేసి నెమ్మదిగా తిప్పితే సరవుతుంది. రెండు మూడు మరలకు మించి పోయినా, నట్ తీసినప్పుడు దాని లోపల ఇనుప తీగలా ముక్క చుట్టుకుని వచ్చినా ఇక మార్చాల్సిందే. ఆ స్టడ్‌తో పాటు నట్‌నూ పారెయ్యాలి. పాడైన నట్ కొత్త స్టడ్‌ను మొదటి బిగింపులోనే చెడగొడుతుంది.

స్టడ్‌ను బండి చాసిస్ నంబర్ చెప్పి కంపెనీ స్పేర్ పార్ట్స్ కౌంటర్లో తీసుకోవడం మేలు. ధర వందల్లోనే ఉంటుంది. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో కొంటే పాత స్టడ్ చేతిలో ఉండాలి, లావు కొలిచే వెర్నియర్ కూడా ఉంటే మంచిది. మొత్తం పొడవు, మర పొడవు, తల లావు చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం తల కింద ఉండే నిలువు గాట్ల భాగం లావు. ఆ గాట్లే ఫ్లాంజ్ (హబ్‌లో స్టడ్లు దిగి ఉండే గుండ్రటి పళ్లెం) రంధ్రంలో పట్టుకుని స్టడ్ తిరగకుండా ఆపుతాయి. అర మిల్లీమీటరు సన్నగా ఉన్నా పట్టు దొరకదు, లావుగా ఉంటే ఫ్లాంజ్ చీలే ప్రమాదం ఉంది. మర సరిపోయింది కదా అని గాట్లు కొలవకుండా అమ్మే షాపు దగ్గర కొనకండి.

పనికి కావలసినవి: జాకీ, ఒక జాక్ స్టాండ్, ముందు చక్రాలకు నాలుగు చెక్క దిమ్మలు, 21 మిల్లీమీటర్ల సాకెట్, పొడవాటి రాడ్డు, టార్క్ రెంచ్ (పెట్టుకున్న బిగింపు రాగానే టిక్కుమనే పానా), కిలో సుత్తి, ఇత్తడి కడ్డీ, తుప్పు వదిలించే స్ప్రే, వైర్ బ్రష్, బ్రేక్ క్లీనర్, రెండు ఎం8 బోల్టులు, 13 మిల్లీమీటర్ల రంధ్రమున్న గట్టి వాషర్లు నాలుగైదు, మర బాగున్న పాత నట్ ఒకటి. ముక్కుకు మాస్క్ కట్టుకోవాలి. డ్రమ్ లోపలి దుమ్మును నోటితోనూ, ఎయిర్‌తోనూ ఊదకండి. బ్రేక్ క్లీనర్ కొట్టి తడిపి తుడవాలి.

బండిని చదునైన సిమెంటు నేల మీద నిలపాలి. ఇక్కడ చాలామందికి తట్టని విషయం ఒకటుంది. ఇన్నోవా హ్యాండ్ బ్రేక్ వెనక డ్రమ్ముల మీదే పని చేస్తుంది, డ్రమ్ ఊడాలంటే దాన్ని దించాలి. గేర్లో పెట్టాం కదా అనుకుంటే, ఒక వెనక చక్రం గాల్లో ఉన్నప్పుడు గేరు బండిని ఆపదు. డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలనూ వేర్వేరుగా తిరగనిచ్చే గేర్ల పెట్టె) వల్ల నేల మీదున్న చక్రం ఒకవైపు, గాల్లో ఉన్నది ఇంకోవైపు తిరిగేస్తాయి. పైగా స్టడ్ తీసేటప్పుడు హబ్‌ను తిప్పడానికి న్యూట్రల్ చెయ్యాల్సి వస్తుంది. అంటే పని సగంలో బండిని ఆపేవి ముందు చక్రాల దిమ్మలు మాత్రమే. రెండు ముందు చక్రాలకూ ముందొకటి, వెనకొకటి బలంగా కొట్టాలి. సగం ఇటుక ముక్కలు నలిగిపోతాయి, వాటిని నమ్మకండి.

చక్రం నేల మీద ఉండగానే నట్లన్నీ అర చుట్టు వదులు చెయ్యాలి. తర్వాత వెనక యాక్సిల్ గొట్టం కింద జాకీ పెట్టి లేపి, దాని పక్కనే స్టాండ్ పెట్టి బరువు దాని మీదికి దించాలి. జాకీని కూడా తాకేటట్టు అక్కడే ఉంచుతాను. విప్పిన చక్రాన్ని బండి కిందికి తోసేస్తే అదొక అదనపు కాపు.

కొన్నిసార్లు నట్‌తో పాటు స్టడ్ కూడా తిరుగుతూ ఉంటుంది. గాట్లు పట్టు వదిలేశాయన్న మాట. అప్పుడు మిగతా నాలుగు నట్లు తీసి, చక్రానికీ డ్రమ్‌కీ మధ్య చదును రాడ్డు దూర్చి బయటికి ఒత్తుతూ, ఇంకొకరు నట్‌ను చేతి పానాతో నెమ్మదిగా తిప్పాలి. బయటికి లాగే బలానికి స్టడ్ తల ఫ్లాంజ్ వెనక ఆనుకుని కొంత పట్టు ఇస్తుంది. అలాగా రాకపోతే నట్‌ను చీల్చే పనిముట్టు వాడాలి, లేదా డ్రిల్‌తో నట్ పక్క గోడకు రంధ్రాలు వేసి ఉలితో విడగొట్టాలి. గ్రైండర్ మాత్రం చక్రం మీద పెట్టనివ్వను. నిప్పురవ్వలు టైరు పక్క గోడ మీద పడతాయి, డీజిల్ ట్యాంకు కూడా దగ్గరలోనే ఉంటుంది.

డ్రమ్ తీసేముందు డ్రమ్ మీదా స్టడ్ పక్కనా సుద్దతో గుర్తు పెట్టుకోవాలి, ఉన్నచోటే తిరిగి పెట్టడానికి. హ్యాండ్ బ్రేక్ దించి లాగితే డ్రమ్ వచ్చేయాలి. రాకపోతే డ్రమ్ ముఖం మీద మరలున్న రెండు చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. వాటిలో ఎం8 బోల్టులు పెట్టి, అటు పావు చుట్టు ఇటు పావు చుట్టు బిగిస్తూ పోతే డ్రమ్ తనంతట తానే బయటికి వస్తుంది. కొంచెం వచ్చి ఆగిందంటే లోపల అరిగిన గట్టు బ్రేక్ షూలకు తట్టుకుంటోందని అర్థం. వెనక ప్లేటుకున్న రబ్బరు బిరడా తీసి, సన్నని స్క్రూడ్రైవర్‌తో అడ్జస్టర్ (షూలకూ డ్రమ్‌కూ మధ్య సందును సరిచేసే భాగం) లివర్‌ను పక్కకు జరిపి పట్టుకుని, ఇంకో స్క్రూడ్రైవర్‌తో పళ్ల చక్రాన్ని తిప్పి షూలను లోపలికి దించాలి. డ్రమ్ అంచును సుత్తితో కొట్టకండి. అది పోత ఇనుము, పగులుతుంది. డ్రమ్ బయట ఉన్నంతసేపూ ఎవరూ బ్రేక్ పెడల్ తొక్కకూడదు. తొక్కితే వీల్ సిలిండర్ పిస్టన్లు బయటికి దూకి, బ్రేక్ ఆయిల్ కారి, పని ఇంకెక్కడికో పోతుంది. పిల్లలున్న ఇంట్లో డోర్లు లాక్ చేసి తాళం చెవి జేబులో వేసుకోవాలి.

డ్రమ్ తీశాక ముందు షూల మీద నూనె తడి ఉందేమో చూస్తాను. ఉంటే యాక్సిల్ ఆయిల్ సీలు గానీ వీల్ సిలిండర్ గానీ కారుతోంది. ముందు దాని సంగతి చూడాలి, స్టడ్ ఆ తర్వాత.

స్టడ్ ముందు నుంచి వెనక్కి ఊడాలి. ఫ్లాంజ్ వెనక షూలు, స్ప్రింగులు అడ్డం ఉంటాయి కాబట్టి స్టడ్ మొత్తం పొడవు బయటికి రావడానికి చోటు కావాలి. గేరు న్యూట్రల్ చేసి హబ్‌ను మెల్లగా తిప్పుతూ, కొత్త స్టడ్‌ను వెనక నుంచి చేత్తో పెట్టి చూస్తూ ఎక్కడ పడుతుందో వెతకాలి. కొత్తది దూరే చోటే పాతదీ బయటికి వస్తుంది. దీన్ని ముందే చూసుకోకపోతే, కొట్టిన స్టడ్ సగంలో షూకి తగిలి ముందుకూ వెనక్కీ రాకుండా ఇరుక్కుంటుంది. ఎక్కడా చాలకపోతే షూను పట్టి ఉంచే పిన్ను స్ప్రింగు ఒక్కటి విప్పి ఆ షూను కాస్త పక్కకు జరపవచ్చు.

తుప్పు స్ప్రే వెనక వైపు గాట్ల దగ్గర కొట్టి పావుగంట వదిలెయ్యాలి. షూల మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టాలి. తర్వాత స్టడ్ చివర ఇత్తడి కడ్డీ ఆనించి నిటారుగా, బలంగా కొట్టాలి. పది చిన్న దెబ్బల కన్నా రెండు గట్టి దెబ్బలు నయం. చిన్న దెబ్బల్లో స్టడ్ కదలదు, అదిరింపు మాత్రం యాక్సిల్ బేరింగ్‌కు చేరుతుంది. ఐదారు దెబ్బలకు కదలకపోతే సుత్తి పక్కన పెట్టేయండి. సీ ఆకారంలో ఉండే ప్రెస్ పనిముట్టుతో తోయాలి, లేదా మెకానిక్‌ను పిలవాలి. ముందు చక్రం స్టడ్ అయితే సుత్తి అసలు ముట్టుకోను, అక్కడ ప్రెస్ ఒక్కటే దారి.

పాతది ఊడాక రంధ్రాన్ని టార్చి వేసి చూడాలి. లోపల పాత గాట్ల అచ్చులు నిలువుగా, పదునుగా కనిపించాలి. నున్నగా అరిగిపోయి, కొత్త స్టడ్ వేలితో తోస్తేనే పూర్తిగా దూరిపోతుంటే ఆ ఫ్లాంజ్ పని అయిపోయినట్టే. ఇన్నోవాలో ఫ్లాంజ్, యాక్సిల్ షాఫ్ట్ ఒకే ముక్క కాబట్టి షాఫ్ట్ మార్చాలి. అది ఇంటి పని కాదు. స్టడ్ తలకు వెల్డింగ్ పెట్టి నడిపిద్దామనే సలహా వింటారు. వెల్డింగ్ వేడికి గట్టి ఉక్కు తన బలం పోగొట్టుకుని పెళుసవుతుంది, పైగా దగ్గరలోనే బేరింగూ ఆయిల్ సీలూ ఉన్నాయి. ఇంటిల్లిపాదీ ఎక్కే బండికి ఆ పని చెయ్యనివ్వకండి.

ఇక అసలు పని కొత్త స్టడ్‌ను కూర్చోబెట్టడం. రంధ్రాన్ని, ఫ్లాంజ్ వెనక ముఖాన్ని వైర్ బ్రష్‌తో శుభ్రం చెయ్యాలి. అక్కడ తుప్పు పొర ఉంటే స్టడ్ తల దాని మీద ఆనుతుంది, పొర నలిగాక వదులవుతుంది. స్టడ్‌ను వెనక నుంచి పెట్టి అటూ ఇటూ కొద్దిగా తిప్పితే గాట్లు పాత అచ్చుల్లో పడిన చోట చేతికి తెలుస్తుంది. అక్కడ ఉంచి ముందు నుంచి వాషర్లు ఎక్కించాలి. వాషర్ల మధ్య కొంచెం గ్రీజు రాయాలి. పాత నట్‌ను తిరగేసి, చదును వైపు వాషర్‌కు ఆనేటట్టు ఎక్కించాలి. మిగతా స్టడ్లలో రెండింటికి నట్లు పెట్టి, వాటి మధ్య రాడ్డు అడ్డం వేసి హబ్ తిరగకుండా పట్టుకోవాలి. చేతి పానాతో నెమ్మదిగా బిగిస్తూ పోతే స్టడ్ లోపలికి వస్తుంది. గన్ వద్దు. గన్‌తో ఎక్కడ ఆనిందో తెలియదు, వేడికి మర కొరుక్కుంటుంది.

బిగిస్తున్నంతసేపూ చేతికి ఒకే తీరు బరువు తగులుతుంది. తల ఫ్లాంజ్‌కు ఆనిన క్షణంలో ఆ బరువు ఒక్కసారిగా పెరుగుతుంది. అక్కడ ఆగి వెనక నుంచి టార్చి వేసి చూడాలి. తల చుట్టూ ఎక్కడా సందు ఉండకూడదు, మామూలు కాగితం కూడా దూరకూడదు. ముందు వైపు నుంచి స్టడ్ పొడుచుకొచ్చిన ఎత్తును మిగతా నాలుగింటితో పోల్చి కొలవాలి. ఒక మిల్లీమీటరు తక్కువున్నా పూర్తిగా రాలేదన్నమాటే. వాషర్లు ఇంకొకటి చేర్చి మళ్లీ లాగాలి.

చక్రం పెట్టేసి, దాని నట్‌తోనే స్టడ్‌ను లాగేద్దాం అనేవాళ్లున్నారు. ఈ పనిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన అడ్డదారి అదే. స్టడ్ ఇంకా లోపలికి వస్తూ ఉండగానే టార్క్ రెంచ్ టిక్కుమంటుంది. ఆ 103లో చాలా భాగం గాట్ల రాపిడికే పోయి ఉంటుంది, చక్రానికి అందింది తక్కువ. బండి నడిచాక తల మిగతా దూరం జరిగి నట్ వదులైపోతుంది. అలాయ్ చక్రమైతే నట్ కూర్చునే గుంట కూడా నలుగుతుంది.

పాత నట్, వాషర్లు తీసేసి స్టడ్ మర మీది గ్రీజు, నూనె బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా తుడవాలి. 103 అన్న లెక్క పొడి మరకు చెప్పింది. నూనె ఉంటే రాపిడి తగ్గి, అదే 103తో స్టడ్ మీద పడే లాగుడు 4.3 టన్నుల నుంచి ఐదున్నర దాకా పెరగవచ్చు. తుప్పు పట్టకుండా అని మరలకు గ్రీజు రాసే అలవాటు మన దగ్గర ఎక్కువ. నేను రాయను. హబ్ నడుమ చక్రం కూర్చునే గట్టుకు మాత్రం పలచగా రాస్తే చక్రం పట్టెయ్యదు.

డ్రమ్ ముఖం, చక్రం వెనక ముఖం రెండూ బ్రష్‌తో గీకి శుభ్రం చెయ్యాలి. ఈ మధ్య రంగు వేయించిన ఇనుప చక్రమైతే ఆ ముఖం మీది రంగును ఎమరీ కాగితంతో తీసెయ్యాలి. మందపాటి రంగు అదుముకు నలిగితే బిగింపు పోతుంది. షూలకు వేళ్ల గ్రీజు అంటితే బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, గరుకు కాగితంతో రుద్దాలి. సుద్ద గుర్తు కలిపి డ్రమ్ ఎక్కించాక, అడ్జస్టర్‌ను వదులు చేసి ఉంటే మళ్లీ తిప్పాలి. డ్రమ్ తిప్పినప్పుడు షూ సన్నగా రాసుకునే చప్పుడు వినిపించాలి, చేతికి అడ్డు తగలకూడదు. రబ్బరు బిరడా మర్చిపోకండి, వానాకాలంలో ఆ రంధ్రం గుండా బురద పోతుంది.

చక్రం పెట్టి ఐదు నట్లనూ చేత్తోనే, పానా లేకుండా కనీసం ఐదారు చుట్లు ఎక్కించాలి. కొత్త స్టడ్ మీద నట్ వేళ్లతోనే చివరిదాకా పోవాలి. తర్వాత ఒకటి వదిలి ఒకటి చొప్పున చుట్టూ వస్తూ బిగించాలి. చక్రం నేలకు తగిలేదాకా దించి ముందు 50, తర్వాత 103. టొయోటా అలాయ్‌లకు చాలావాటికి వాషర్‌తో వచ్చే చదును నట్ ఉంటుంది, ఇనుప చక్రానికి కోసు నట్ వాడతారు. ఒకదానికి బదులు ఒకటి వేసేముందు బండి మాన్యువల్ చూడండి. టార్క్ రెంచ్ లేకపోతే నట్ నడుమ నుంచి 42 సెంటీమీటర్ల దూరంలో పానాను పట్టుకుని 25 కిలోల బలంతో లాగితే దాదాపు అంతే వస్తుంది. సామాను తూచే కొక్కెం కాటా తగిలించి లాగితే ఆ 25 ఎంతో చేతికి అర్థమవుతుంది.

బండి కదిలించేముందు బ్రేక్ పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కాలి, హ్యాండ్ బ్రేక్ లాగి పట్టు చూడాలి. ఆ తర్వాతే దిమ్మలు తియ్యాలి. మొదటి 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు చక్రం చల్లగా ఉన్నప్పుడు మళ్లీ 103 పెట్టి అన్ని నట్లూ చూడాలి. కొత్త స్టడ్ నట్ కొద్దిగా తిరిగితే కంగారు పడనక్కర్లేదు, తల సర్దుకుంది. ఇంకో వంద కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూసినప్పుడూ తిరిగితే మాత్రం బిగించి వదిలెయ్యకూడదు. డ్రమ్ విప్పి స్టడ్ తల వెనక సందు ఉందేమో, రంధ్రం అరిగిందేమో, చక్రం ముఖం మీద రంగు మిగిలిందేమో వెతకాలి.